అల్లం బీరు కిట్: నెల్లూరు ఎండల్లో ఆరు నెలలు వాడాక

జనవరిలో ఆన్‌లైన్‌లో ఒక అల్లం బీరు కిట్ కొన్నాను. 2,850 రూపాయలు పడింది, సంక్రాంతి వెళ్లిన వారానికి నెల్లూరులో మా ఇంటికి చేరింది. ఇప్పుడు జులై. ఈ ఆరు నెలల్లో 17 సార్లు చేశాను, రెండు సార్లు మొత్తం పారబోశాను, ఒక సీసా పగిలింది, మిగతాదంతా ఇంటిల్లిపాదీ, మా వీధిలో నాలుగిళ్లవాళ్లూ తాగారు. కొనాలా వద్దా అని అడుగుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి మొదటే చెప్పేస్తున్నా, కొనండి, సీసాలూ, చక్కెర ఎంతుందో కొలిచే హైడ్రోమీటరూ చాలా మంచివి, కానీ దాంతో వచ్చే చిన్న పుస్తకాన్ని మాత్రం నమ్ముకోకండి. ఆ పుస్తకం రాసినవాళ్లు మన ఊరి మే నెలని ఎప్పుడూ చూసి ఉండరు.

ముందు పేరు గురించి ఒక మాట. అల్లం బీరు అంటే అల్లం, చక్కెర, నిమ్మరసం, నీళ్లు కలిపి పులియబెట్టే పానీయం. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో మొదలైంది, యవలతో, అంటే బార్లీతో, చేసే అసలు బీరుకీ దీనికీ పులియడం ఒక్కటే పోలిక. త్వరగా తాగేస్తే ఆల్కహాల్ చాలా తక్కువ ఉంటుంది, బయట వదిలేస్తే పెరుగుతుంది, దాని సంగతి కింద వివరంగా రాస్తాను. ఈ కిట్‌తో అసలు బీరు చేసుకోవచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మన రాష్ట్రంలో లైసెన్స్ లేకుండా ఇంట్లో మద్యం తయారు చేయడం నేరం, ఆ ఆలోచన పెట్టుకోకండి.

నాకీ సరదా పట్టింది మా తమ్ముడి వల్ల. వాడు అమెరికాలో డాలస్‌లో ఉంటాడు, ఇంట్లోనే బీరు కాచుకుంటాడు. అక్కడ అది మామూలే, 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే సుమారు 757 లీటర్లు, సొంతానికి పన్ను లేకుండా చేసుకోవచ్చు, అమ్మకూడదు. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు రెండు మూడు సార్లు పక్కన నిలబడి చూశాను. మొలకెత్తించి ఎండబెట్టి నలగ్గొట్టిన యవల్ని వేడినీళ్లలో ఒక గంట నానబెడతాడు, ఆ నీళ్లు 65 నుంచి 67 డిగ్రీల మధ్య ఉంటే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. వడకట్టి, చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి గంటసేపు మరిగించి, చల్లార్చి, ఈస్ట్ అనే పులియబెట్టే సూక్ష్మజీవిని కలిపి గ్యారేజీలో పెట్టేస్తాడు. ఆ తర్వాత రెండు వారాలు దాని వంక చూడడు. ఒకసారి నీళ్ల వేడి 69 దాకా పోయింది, నేను కంగారుపడ్డాను, వాడు మాత్రం స్టవ్ తగ్గించి, "ఏం కాదక్కా, కాస్త చిక్కగా వస్తుంది అంతే, మూత తీసి తీసి చూడకుండా ఉంటే అదే బాగుపడుతుంది" అన్నాడు. కానీ అదే మనిషి సీసాలు కడిగేటప్పుడు చూడాలి, ఒక్కొక్కదాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి లోపల మరక ఉందేమో అని చూసి, క్రిమిసంహారక నీళ్లలో ముంచి, బోర్లించేదాకా ఇంకో పని ముట్టుకోడు. కంగారు ఎక్కడ పడాలో ఎక్కడ పడకూడదో నేను వాడి దగ్గరే నేర్చుకున్నాను, ఈ కిట్ వచ్చాక నాకు పనికొచ్చింది ఆ ఒక్క సంగతే.

ఆలోచిస్తే ఇది మనకి కొత్తేమీ కాదు. ఇడ్లీ పిండి రుబ్బి పెట్టేటప్పుడు ఏ ఇంట్లోనైనా థర్మామీటర్ పెడతారా? చలికాలం అయితే సాయంత్రమే రుబ్బి పొయ్యి పక్కన పెడతాం, ఎండాకాలం అయితే రాత్రి పడుకోబోయే ముందు రుబ్బుతాం, పొద్దున లేచి గిన్నె మూత లేచి ఉంటే సంతోషం. చద్దన్నం అంతే, పెరుగు తోడు అంతే. చెయ్యి శుభ్రం, గిన్నె శుభ్రం, మిగతాది దానికే వదిలేయడం. అల్లం బీరుని కూడా అలాగే చూడండి, సగం టెన్షన్ పోతుంది.

ఇక కిట్ సంగతి. 4 లీటర్ల గాజు జార్, దాని మూతకి రబ్బరు రింగు ఉన్న చిన్న రంధ్రం, అందులో దూర్చే ఎయిర్‌లాక్, అర లీటరు గాజు సీసాలు ఆరు, తీగతో బిగించే పింగాణీ బిరడాలవి, ఒక హైడ్రోమీటర్, దానికి పొడుగాటి గాజు గొట్టం, గరాటు, సన్నటి పైపు, జార్‌కి అంటించే థర్మామీటర్ స్టిక్కర్, రెండు ఈస్ట్ ప్యాకెట్లు, పుస్తకం. ప్యాకింగ్ బాగానే ఉంది కానీ నాకు వచ్చినదాంట్లో ఎయిర్‌లాక్ చీలి ఉంది. ఫోటో పంపాను, ఇంకోటి పంపడానికి తొమ్మిది రోజులు తీసుకున్నారు, మధ్యలో మూడుసార్లు అదే ఫోటో మళ్లీ అడిగారు, అది నాకు నచ్చలేదు. ఆ తొమ్మిది రోజులూ జార్ మీద పల్చటి నూలు గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేసి చేశాను, ఏ తేడా లేకుండా వచ్చింది. ఎయిర్‌లాక్ అంటే లోపలి గ్యాస్ నీళ్లలోంచి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలీ దోమా లోపలికి రావు, అంతే దాని పని. రెండు మూడు రోజుల్లో అయిపోయే అల్లం బీరుకి గుడ్డ చాలు.

పుస్తకంలో ఏముందంటే, 18 నుంచి 22 డిగ్రీల మధ్య పెట్టండి, వారం రోజులు జార్‌లో, ఆ తర్వాత సీసాల్లో ఇంకో వారం. మన దగ్గర 22 డిగ్రీలు ఎప్పుడు ఉంటుంది, జనవరిలో తెల్లవారుజామున కాసేపు ఉంటుంది. మేలో రోహిణి కార్తె వచ్చేసరికి బయట 40 దాటుతుంది, మా వంటగది గట్టు మీద స్టిక్కర్ 36 చూపిస్తూ ఉండేది. ఆ వేడిలో ఈస్ట్ పరుగులు పెడుతుంది, పుస్తకం చెప్పిన వారం పని ఒకటిన్నర రోజులో అయిపోతుంది, ఇంకా వదిలేస్తే చక్కెరంతా తినేసి ఘాటైన వాసన, మగ్గిన అరటిపండు లాంటి వాసన వస్తాయి. ఇలా వేడి దేశాల్లో ఎంతసేపు ఉంచాలో ఒక్క పేజీ రాస్తే ఏం పోయింది? మన దేశంలో అమ్ముతూ మన దేశపు వేడి గురించి రాయకపోవడం ఈ కిట్‌లో అన్నిటికంటే పెద్ద లోపం. మా తమ్ముడైతే డాలస్ ఎండాకాలంలో నార్వేలోని వాస్ ప్రాంతపు రైతులు తరతరాలుగా కాపాడుకున్న క్వైక్ అనే ఈస్ట్ వాడతాడు, అది 35, 40 డిగ్రీల్లో కూడా చెడు వాసన లేకుండా పనిచేస్తుంది. కిట్‌లో వచ్చింది మామూలు చల్లటి ఊళ్ల ఈస్ట్. ఒక ప్యాకెట్‌తో ఒకసారి చేసి రెండోది పక్కన పడేశాను.

దానికి బదులు నేను అల్లంతోనే తోడు తయారు చేసుకుంటున్నాను, ఇప్పుడు అన్నిసార్లూ దాంతోనే. పచ్చి అల్లం తొక్క మీదే సహజంగా ఈస్ట్ ఉంటుంది, పెరుగు పులిపించే జాతి బ్యాక్టీరియా కూడా ఉంటుంది, అందుకని తొక్క తీయకూడదు, మట్టి పోయేలా కడిగితే చాలు. ఒక గాజు సీసాలో రెండు కప్పుల నీళ్లు, రెండు చెంచాల తురిమిన అల్లం, రెండు చెంచాల చక్కెర వేసి కలిపి గుడ్డ కట్టండి. రోజూ ఒక చెంచా అల్లం, ఒక చెంచా చక్కెర వేసి కలుపుతూ ఉండండి. జనవరిలో నాకు ఐదు రోజులు పట్టింది, ఏప్రిల్ తర్వాత రెండో రోజు సాయంత్రానికే పైన నురగ, చెవి దగ్గర పెడితే చిటచిట చప్పుడు. అల్లం మాత్రం చూసి కొనండి. పెద్ద బజారులో ఒకసారి తెల్లగా తోమేసి పెట్టిన అల్లం తెచ్చాను, నాలుగు రోజులైనా ఒక్క బుడగ రాలేదు, మరుసటి వారం మట్టితో ఉన్న అల్లం తెస్తే ఒకటిన్నర రోజులో లేచింది.

అల్లం బీరు చేసే రోజున, మూడు లీటర్ల నీళ్లలో వంద గ్రాముల అల్లం దంచి వేసి పావుగంట మరిగించి, మూడువందల గ్రాముల చక్కెర కరిగించి, పూర్తిగా చల్లారాక నాలుగు నిమ్మకాయల రసం పిండి, ఒక చిన్న గ్లాసు తోడు వడకట్టి కలుపుతాను. చల్లారాక అన్న మాట గట్టిగా పట్టించుకోండి, వేడిలో కలిపితే తోడు చచ్చిపోతుంది, పాలు వేడిగా ఉండగా తోడు వేస్తే పెరుగు అవ్వనట్టే. మిగతా కొలతల్లో కాస్త అటూ ఇటూ అయినా ఏం కాదు. అల్లం ఎక్కువైతే గొంతులో మంట, తక్కువైతే నిమ్మరసం రుచి ముందుకొస్తుంది, రెండూ తాగేవాళ్లున్నారు మా ఇంట్లో. సగం చక్కెర బదులు తాటిబెల్లం వేసి ఒకసారి చేశాను, రంగు టీ లాగా అయింది కానీ ఆ వాసన, చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ల ఊళ్లో తాటి బెల్లం పాకం కాచే రోజు పొయ్యి చుట్టూ ఉండే వాసన, నాకు అది అన్నిటికంటే నచ్చింది. బెల్లంతో ఇంకా తొందరగా పులుస్తుంది, గుర్తుపెట్టుకోండి. నిమ్మకాయలకి పొదలకూరు మార్కెట్ వైపు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే తెప్పించుకుంటాను, ఎండాకాలం నెల్లూరులో చిల్లరగా కొంటే జేబు ఖాళీ.

నీళ్లకి బోరు నీళ్లు వద్దు, మా బోరు ఉప్పగా ఉంటుంది, ఆ ఉప్పు రుచి నిమ్మరసాన్ని చంపేస్తుంది. క్యాన్ నీళ్లు వాడుతున్నాను. కుళాయి నీళ్లు అయితే మరిగిస్తాం కాబట్టి క్లోరిన్ పోతుంది, తోడులో పోసే నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే పోయండి.

వేడి తగ్గించడానికి ఏసీ గదిలో పెట్టాల్సిన పని లేదు. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి జార్ అందులో పెట్టి, చుట్టూ తడి గుడ్డ కప్పి గుడ్డ అంచు నీళ్లలో మునిగేలా వదలండి, గుడ్డ తనే నీళ్లు పీల్చుకుంటూ ఉంటుంది, చీమలూ ఎక్కవు. మా ఇంట్లో దీనితో మూడు నాలుగు డిగ్రీలు తగ్గింది. కనిగిరిలో ఉండే మా ఆడపడుచు చేస్తే దానికంటే బాగా తగ్గింది, అక్కడ గాలి పొడిగా ఉంటుంది, మాకు సముద్రపు గాలి తేమ వల్ల గుడ్డ తొందరగా ఆరదు.

ఇప్పుడు సీసాలు. కిట్‌లో వచ్చిన ఆరూ గుండ్రంగా, మందపాటి గాజుతో, అడుగున లోపలికి గుంటతో ఉన్నాయి, గ్యాస్ ఒత్తిడికి తట్టుకునే సీసాలు ఇలాగే ఉండాలి. పలకలుగా చతురస్రంగా ఉండే అలంకారం సీసాలు ఇంకో చోట చౌకగా దొరికాయని నాలుగు కొన్నాను, అది నేను చేసిన తప్పు. మూలల దగ్గర ఒత్తిడి పడి అవి ముందు పగులుతాయి. ఏప్రిల్‌లో కావలిలో పెళ్లికి రెండు రోజులు వెళ్లాం, ఒక చతురస్రం సీసా ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోయి గట్టు మీదే వదిలేశాం. వచ్చి చూస్తే గాజు ముక్కలు కిటికీ దాకా ఎగిరి ఉన్నాయి, గోడ మీద జిగురు, చీమలు బారులు కట్టాయి. ఆ సమయంలో మా పాప అక్కడ నిలబడి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మిగిలిన మూడు సీసాలూ మర్నాడే నూనెలు పోసుకోవడానికి పెట్టేశాను. ఎవరైనా ఇంట్లో ఉన్న పాత జామ్ సీసాల్లో, అలంకారం సీసాల్లో ఇది బిగించి పెడతామంటే దయచేసి వద్దు. ఈ ఒక్కచోట మాత్రం కంగారు పడండి, పడాలి.

చిన్నప్పుడు గోలీ సోడా తాగినవాళ్లకి ఈ ఒత్తిడి ఎంతో చేతి గుర్తు ఉంటుంది. లోపలి గ్యాసే ఆ గోళీని పైకి నెట్టి మెడ దగ్గరున్న రబ్బరు రింగుకి అదిమిపెట్టి మూత వేస్తుంది, 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పేటెంటు తీసుకున్న సీసా అది, మన రోడ్ల మీద ఇంకా బతికి ఉంది. ఆ సీసా గాజు ఎంత మందంగా ఉంటుందో చేత్తో పట్టుకుని చూడండి, మీకు దొరికే సీసా దాని దరిదాపుల్లో లేకపోతే కొనకండి.

ఒత్తిడి తెలుసుకోవడానికి సులువైన దారి, ప్రతిసారీ ఒక ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాలో కూడా కొంచెం నింపండి. వేలితో నొక్కితే మొదట మెత్తగా ఉంటుంది, అది రాయిలా గట్టిపడగానే అన్ని సీసాలూ ఫ్రిజ్‌లోకి. మేలో నాకు 14 గంటలు పట్టింది, జనవరిలో రెండు రోజులు. పుస్తకం చెప్పిన రోజుల లెక్క అవసరమే లేదు. ఫ్రిజ్‌లో పెడితే ఈస్ట్ చావదు, నిద్రపోతుంది, అంతే. మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయిన రోజున మళ్లీ లేచింది, ఆ సాయంత్రం బిరడా తీస్తే సగం సింకులోకే పొంగిపోయింది. తీసేటప్పుడు సింకులో పెట్టి, పైన గుడ్డ వేసి, మెల్లగా తీయండి. వారం లోపల తాగేయండి.

హైడ్రోమీటర్ గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఈ కిట్‌కి నేను ఇచ్చే మార్కుల్లో సగం దానికే. పాల కేంద్రంలో లాక్టోమీటర్ చూసి ఉంటారు కదా, పాలలో వేస్తే ఎంత మునిగిందో చూసి నీళ్లు కలిసినయ్యో లేదో చెబుతారు, ఇది కూడా అదే పద్ధతి. చక్కెర ఎక్కువ ఉంటే పైకి తేలుతుంది, పులిసి చక్కెర తగ్గితే కిందికి దిగుతుంది. నా కొలతల్లో మొదటి రోజు సుమారు 1.038 చూపిస్తుంది. పులిశాక వచ్చిన అంకెని దాంట్లోంచి తీసేసి, మిగిలినదాన్ని 131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. 1.038 నుంచి 1.035కి దిగితే 0.4 లోపే, 1.034కి దిగితే అర శాతం. మన దేశపు ఆహార భద్రతా నిబంధనల్లో అర శాతం దాటితే మద్యం కింద లెక్క, కాబట్టి నాకు ఆ మూడు పాయింట్లే (ఒక పాయింట్ అంటే 0.001) గీత. సీసా బాగా బుసబుసలాడటానికి కూడా ఆ మూడు పాయింట్ల చక్కెర సరిపోతుంది.

ఒక సంగతి పుస్తకంలో ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో ఉంది, నేను మూడో నెలలో చూశాను. ఆ పరికరం 20 డిగ్రీల దగ్గర సరిగ్గా చూపించేలా చేసింది. 35 డిగ్రీల గదిలో కొలిస్తే నాలుగు పాయింట్లు తక్కువ చూపిస్తుంది, అంటే నాకు కావాల్సిన తేడా మొత్తం అక్కడే పోతుంది! మొదటిసారి గది వేడిలో, రెండోసారి ఫ్రిజ్‌లోంచి తీసి కొలిచిన రోజుల్లో నా లెక్కలన్నీ తప్పే. ఇప్పుడు రెండుసార్లూ నమూనాని ఫ్రిజ్‌లో చల్లబరిచి, అంటించే స్టిక్కర్ బదులు మామూలు థర్మామీటర్ ముంచి 20 దగ్గరికి వచ్చాకే కొలుస్తున్నాను. పులిసినదాన్ని కొలిచే ముందు రెండు గ్లాసుల మధ్య అటూ ఇటూ పది సార్లు పోయండి, టీ కొట్టులో ఆరబోసినట్టు, బుడగలు పోవాలి, లేకపోతే అవి దాన్ని పైకి ఎత్తేసి అంకె ఎక్కువ చూపిస్తాయి.

ఈ లెక్క ఇంత పట్టింపుగా ఎందుకంటే, మా అమ్మ. అమ్మ పుట్టిల్లు కలిగిరి వైపు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలాయి, అక్షర దీపం రాత్రి బడుల్లో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లే ముందు నడిచారు, మా అమ్మ కూడా వాళ్లలో ఉంది. సారా ప్యాకెట్ల బండిని ఊళ్లోకి రానివ్వకుండా పొలిమేరలో పగలంతా కూర్చున్న సంగతి మాకు ఎన్నోసార్లు చెప్పింది. 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది. మా తాత ఎందుకు పోయాడో తెలిసిన ఇంట్లో పుట్టిన నాకు ఆ మాటల బరువు తెలుసు. అందుకే జార్‌లో బుడగలు చూసి అమ్మ "ఏందమ్మా ఇది, ఇంట్లో యాడ పెట్టావు దీన్ని" అని అడిగినప్పుడు ఏదో సర్ది చెప్పి తప్పించుకోవాలని నాకు అనిపించలేదు. అంతా విడమర్చి చెప్పాను, ఇందులో కొంచెం ఉంటుందమ్మా, ఇంత ఉంటుంది, ఇంతకు మించకుండా ఇలా చూస్తాను అని. హైడ్రోమీటర్ చేతికిచ్చాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, గొట్టాన్ని కంటి ఎత్తుకి పట్టుకుని, ఆ గీతల మీద వేలు పెట్టి "ఒకటి, చుక్క, సున్నా, మూడు, అయిదు" అని చదివింది. అమ్మకి అంకెలు వచ్చింది ఆ రాత్రి బడిలోనే.

అమ్మ తాగదు, తాగమని నేను అడగను. తోడు కలపకముందే అల్లం నీళ్లు ఒక చెంబుడు పక్కకి తీసి, నిమ్మకాయ పిండి, కొట్టు నుంచి తెచ్చిన సోడా కలిపి అమ్మకి ఇస్తాను, అది అమ్మకి ఇష్టం. పదేళ్లలోపు పిల్లలకి, గర్భంతో ఉన్నవాళ్లకి, పూర్తిగా మానేయాలని పట్టుదలతో ఉన్నవాళ్లకి మా ఇంట్లో అదే గ్లాసు. అతిథులకి కూడా ముందు చెప్పి ఇస్తాను. ఇది మాత్రం మీరు కొనుక్కుంటే తప్పకుండా పాటించండి, కూల్‌డ్రింక్ అని చెప్పి చేతికి ఇవ్వకండి.

పారబోసిన రెండుసార్ల సంగతి కూడా రాస్తే పూర్తవుతుంది. ఒకసారి తోడు మీద ఆకుపచ్చగా దూది లాంటి బూజు వచ్చింది. పైన తీసేసి అడుగుది వాడుకుందామా అని అనిపిస్తుంది, వద్దు, మొత్తం పారబోసి సీసాని మరిగే నీళ్లతో కడిగి మళ్లీ మొదలెట్టండి, నష్టం ఇరవై రూపాయల అల్లం. రెండోసారి వర్షాల్లో మురుగు వాసన వచ్చింది, గరాటు మెడలో పాత తొనల పీచు ఇరుక్కుని ఉంది, ఆ గరాటు సన్నగా ఉండి లోపలికి బ్రష్ పోదు, కిట్ చేసినవాళ్లు దీన్ని మార్చాలి. తెల్లటి పొర పల్చగా వస్తే మాత్రం భయపడకండి, వాసన పుల్లగా హాయిగా ఉంటే అది బాగానే ఉన్నట్టు. సీసాలు కడిగాక వేడినీళ్లు పోసేటప్పుడు ముందు గోరువెచ్చటివి పోసి ఆ తర్వాత మరిగేవి పోయండి, చల్లటి గాజు మీద ఒక్కసారిగా పోస్తే చిట్లుతుంది.

డబ్బు లెక్క చూస్తే, సీసాలూ హైడ్రోమీటరూ గొట్టమూ విడివిడిగా కొంటే 1,900 దాకా అయ్యేవి, నేను తర్వాత విచారించాను. జార్ ఏ గాజు పచ్చడి జాడీ అయినా సరిపోతుంది. మీ ఇంట్లో జాడీ ఉండి, ఎక్కడైనా మంచి మందపాటి సీసాలు దొరికితే విడిగానే కొనుక్కోండి. అవన్నీ వెతికే తీరిక లేదనుకుంటే ఈ కిట్ బాగుంటుంది. అయిదుకి నేను మూడున్నర ఇస్తాను, పుస్తకం మన ఎండలకి తగ్గట్టు తిరగరాస్తే నాలుగున్నర ఇచ్చేదాన్ని.

పింగాణీ బిరడాల కింద ఉండే ఎర్ర రబ్బరు రింగులు ఆరు నెలల్లో రెండు గట్టిపడిపోయి గ్యాస్ కారుతోంది. ఆర్డర్ చేసేటప్పుడే విడిగా ఒక పది తీసి పెట్టుకోండి, తర్వాత ఒకటీ రెండూ కావాలంటే పంపరు. ఆర్డర్ పెట్టేవాళ్లు ఎండలు తగ్గాక పెట్టండి, మొదటిసారి చలికాలంలో చేస్తే చెయ్యి తిరుగుతుంది.